ఉక్కు కాలమ్‌కి నాలుగు బోల్టులు ఎలా వచ్చాయి

క్రేన్ కొక్కెం విప్పాక, పక్కన బీమ్‌లు బిగించేలోపు, ఉక్కు కాలమ్‌ను నిలబెట్టేది చాలాసార్లు అడుగున కాంక్రీటులో పాతిన యాంకర్ బోల్టులే. విచిత్రం ఏంటంటే, భవనం పూర్తయ్యాక చాలా కాలమ్‌లలో ఆ బోల్టులకు పెద్దగా పనుండదు, బరువంతా అడుగున ఉండే ఉక్కు పలక (బేస్ ప్లేటు) గుండా నేరుగా కాంక్రీటులోకి దిగిపోతుంది. అందుకే ఒకప్పుడు చాలా డ్రాయింగుల్లో రెండే బోల్టులు చూపించేవారు. లెక్క తప్పేం కాదు, కానీ అది పూర్తయిన భవనం లెక్క. పైకెక్కి బీమ్ అందుకునే మనిషి లెక్క అందులో లేదు. రెండు బోల్టులూ ఒకే వరసలో ఉంటే, ఆ వరసకు అడ్డంగా కాలమ్ వాలినప్పుడు పట్టి ఆపేది దాదాపు ఏమీ ఉండదు.

అమెరికాలో 1971లో వచ్చిన ఓషా (అక్కడి కార్మిక భద్రతా సంస్థ) నిర్మాణ నిబంధనల్లో కాలమ్‌కి కనీసం ఇన్ని బోల్టులుండాలన్న షరతు లేదు. 1994లో కార్మిక సంఘాలు, కాంట్రాక్టర్లు, ఇంజనీర్లను కూర్చోబెట్టి ఒక కమిటీ వేశారు. చివరికి 2001 జనవరిలో కొత్త నిబంధన ప్రచురించి, ఏడాది తర్వాత అమల్లోకి తెచ్చారు. దాని ప్రకారం ప్రతి కాలమ్‌కి కనీసం నాలుగు బోల్టులు ఉండాలి. కాలమ్ పైభాగాన, బయటి అంచు నుంచి 18 అంగుళాల దూరంలో 300 పౌండ్ల బరువు, అంటే సుమారు 136 కిలోలు, ఏ వైపు వేలాడినా ఆ అమరిక తట్టుకోవాలి. పనిముట్లతో సహా ఒక మనిషి పక్కకు వేలాడినట్టు అనుకోండి.

నాకు బోల్టుల సంఖ్య కంటే ముఖ్యం అనిపించేది ఇంకో షరతు. బోల్టులు పాతేది కాంక్రీటు వాళ్లు, వాటిని నమ్మి పైకెక్కేది ఎరెక్షన్ వాళ్లు, అంటే ఉక్కును నిలబెట్టి బిగించేవాళ్లు. బోల్టు కాస్త పక్కకు పడితే దాన్ని వంచేసో, కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేసో పని కానిచ్చేస్తే, పైకెక్కేవాడికి ఆ సంగతి తెలిసేదెలా? ఇప్పుడు అలాంటి మార్పు ఏది చేసినా స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకోవాలి, ఆ విషయం ఎరెక్షన్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. కాంక్రీటు డిజైన్ బలంలో 75 శాతానికి చేరిందని కూడా కాగితం మీద ఇవ్వాలి. పచ్చి కాంక్రీటును నమ్మితే ఏమవుతుందో 1978లో వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలండ్‌లో చూశారు. అది ఉక్కు కాలమ్ కాదు, కూలింగ్ టవర్. ముందురోజు పోసిన కాంక్రీటు మీద ఆధారపడ్డ పరంజా కూలి 51 మంది చనిపోయారు.

నాలుగు బోల్టులు ఉన్నాయి కదా అని గై వైర్లు (కాలమ్ వాలిపోకుండా పక్కలకు లాగి కట్టే తీగలు) కట్టకుండా వదిలేయడం ఇంకో ప్రమాదం. 136 కిలోల లెక్కలో గాలి లేదు, క్రేన్‌కు వేలాడుతున్న బీమ్ వచ్చి తగిలే దెబ్బా లేదు. అందుకే వైర్లు కట్టాలా వద్దా అన్నది అనుభవమున్న బాధ్యుడు ప్రతి కాలమ్‌నీ చూసి తేల్చాలని అదే నిబంధన విడిగా చెబుతుంది.