పాత బోర్డులో కొత్త చిప్ పడుతుందా? సాకెట్ల వెనుక కథ

కొత్త ప్రాసెసర్ చిప్ పెట్టాలంటే మదర్‌బోర్డు మీది సాకెట్‌లో, అంటే చిప్‌ను బిగించే గూడులో, అది పట్టాలి; పట్టకపోతే బోర్డూ మార్చాలి. 1990ల మధ్యలో డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి పెద్దగా లేదు. సాకెట్ 7 మదర్‌బోర్డు ఒకటి కొంటే ఇంటెల్ పెంటియం పెట్టుకోవచ్చు, ఏఎండీ కే6 పెట్టుకోవచ్చు, సైరిక్స్ చిప్ అయినా పెట్టుకోవచ్చు. చూసుకోవలసింది వోల్టేజీ జంపర్లే (బోర్డు మీద వోల్టేజీని ఎంచుకునే చిన్న మీటలు). పెంటియం ఎంఎంఎక్స్‌కు 2.8 వోల్టులు, 200 మెగాహెర్ట్జ్ కే6కు 2.9.

1997లో పెంటియం 2తో ఇంటెల్ ఈ ఉమ్మడి కాపురం నుంచి వేరుపడింది. ప్రాసెసర్‌ను కార్డు మీద బిగించి స్లాట్ 1లో నిలువుగా గుచ్చే పద్ధతి తెచ్చి, దాని బస్‌కు, అంటే చిప్‌కూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారికి, పేటెంట్లు కాపలా పెట్టింది. ఏఎండీ మరుసటి ఏడాది పాత సాకెట్‌నే 100 మెగాహెర్ట్జ్ బస్‌తో సూపర్ సాకెట్ 7గా సాగదీసింది. 1999లో అథ్లాన్‌తో సొంత స్లాట్ ఏ పెట్టుకుంది. చూడడానికి అది స్లాట్ 1 కనెక్టరే, తిప్పి బిగించారంతే. లోపల నడిచేది మాత్రం డెక్ కంపెనీ ఆల్ఫా ప్రాసెసర్ల నుంచి లైసెన్సుకు తీసుకున్న ఈవీ6 బస్.

ఆ తర్వాత బోర్డు ఎన్నాళ్లు పనికొస్తుందన్నది చాలావరకు ఎవరు వెనకబడి ఉన్నారన్న దాన్ని బట్టే నడిచింది. 2011లో వచ్చిన ఏఎండీ బుల్డోజర్‌లో ప్రతి రెండు కోర్లకూ (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలకు) దశాంశ లెక్కలు చేసే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఒక్కటే. ఆ డిజైన్ తేలిపోయాక ఇంటెల్‌కు అడ్డు లేకుండా పోయింది. దాని సాకెట్లు మారుతూ పోయాయి: అంతకుముందు 2009లో ఎల్‌జీఏ 1156 (అంకె పిన్నుల సంఖ్య), ఆపై 2011లో 1155, 2013లో 1150, 2015లో 1151. 1156కూ 1155కూ తేడా ఒక్క పిన్నే, అయినా చిప్‌తో పాటు బోర్డూ మార్చాల్సిందే. 2011 జనవరి నాటి ఐ7-2600కేలో 4 కోర్లు, 2017 జనవరి నాటి ఐ7-7700కేలోనూ 4 కోర్లే. ఈలోగా చిప్‌లోని భాగాలను ఇంకా చిన్నవి చేసే 10 నానోమీటర్ల తయారీ మొరాయించి, ఒక ఏడాది కొత్త తయారీ పద్ధతి, మరుసటి ఏడాది కొత్త డిజైన్ అనే టిక్-టాక్ క్రమాన్ని ఇంటెల్ 2016లో వదులుకుంది.

2017 మార్చిలో ఏఎండీ నుంచి 8 కోర్ల రైజెన్ 7 1800ఎక్స్ 499 డాలర్లకు వచ్చింది. అప్పటికి ఇంటెల్ 8 కోర్ల ఐ7-6900కే వెయ్యి డాలర్ల పైమాటే. దాని కొత్త ఏఎం4 సాకెట్‌ను 2020 దాకా కొనసాగిస్తామన్న ఏఎండీ హామీ అసలు ఎర. అదే అక్టోబరులో ఇంటెల్ 6 కోర్ల 8700కే తెచ్చింది. సాకెట్ అదే 1151, కానీ తన కొత్త 300 సిరీస్ బోర్డు ఉంటేనే నడుస్తుందంది. విద్యుత్ సరఫరాకు పిన్నులు పెంచామన్నది వివరణ. ఔత్సాహికులు బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రామ్) మార్చి పాత బోర్డుల మీదే ఆ తరం చిప్‌లను నడిపించాక ఆ వివరణలో పస ఎంతో తెలిసింది.

ఏఎండీకి ఏఎం4 హామీ నిలబెట్టుకోవడమూ తేలిక కాలేదు. చాలా ఏఎం4 బోర్డుల్లో బయోస్ చిప్ 16 మెగాబైట్లే. కొత్త ప్రాసెసర్ల కోడ్ ఎక్కించాలంటే పాతవాటిది తీసేయాలి, లేదా బొమ్మల మెనూ కోసేయాలి. 2020 మేలో రాబోయే రైజెన్ తరమైన జెన్ 3 చిప్‌లు 500 సిరీస్ బోర్డులకే అని ఏఎండీ ప్రకటించింది. గోల లేచేసరికి రెండు వారాలైనా కాకముందే 400 సిరీస్‌కు ఒప్పుకుంది. ఆ నవంబరులో జెన్ 3 వచ్చేసరికి పైచేయి ఏఎండీది. ఆ తరం 5600ఎక్స్ ధర 299 డాలర్లు, కిందటి తరం 3600 ధర 199. మళ్లీ 199కి 5600 కనిపించింది 2022 ఏప్రిల్‌లో, ఇంటెల్ కొత్త తరం ఆల్డర్ లేక్ వచ్చి పోటీ బిగిశాక. తన తొలి 300 సిరీస్ ఏఎం4 బోర్డులకు ఏఎండీ అధికారికంగా తలుపు తెరిచిందీ ఆ ఏడాదే. 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌తో (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 5800ఎక్స్3డీ వచ్చిందీ ఆ ఏప్రిల్‌లోనే. అలా 2017 నాటి బోర్డుకు అయిదేళ్ల తర్వాత గేమింగ్ చిప్ దొరికింది.

పాత బోర్డులో కొత్త చిప్ పెడితే తరచూ జరిగేది ఒకటే: ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. బయోస్‌కు ఆ చిప్ తెలియకపోవడమే కారణం. 2018లో ఇలా చిక్కుకున్నవాళ్లకు ఏఎండీ పాత ప్రాసెసర్‌ను అరువుగా పంపింది. పాత చిప్ ఇంకా చేతిలో ఉంటే దాన్ని తీయకముందే బయోస్ మార్చడం మేలు. లేకపోతే బోర్డుకు ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్ పనిచేయకున్నా బయోస్ మార్చేది) ఉండాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కంపెనీ చెప్పిన పేరుతో ఫైలు పెట్టి, అందుకు కేటాయించిన పోర్టులో గుచ్చి, 24 పిన్, 8 పిన్ కరెంటు తీగలు రెండూ తగిలించి బటన్ నొక్కాలి. లైటు ఆరేదాకా కరెంటు తీయకూడదు. బయోస్ గుర్తుపట్టినా చౌక ఏ320 బోర్డు మీద 16 కోర్ల 5950ఎక్స్ పెడితే చిప్‌కు వోల్టేజీ అందించే వీఆర్‌ఎం వేడెక్కి వేగం పడిపోతుంది.

2022 సెప్టెంబరులో ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎం5 వచ్చింది. దీన్ని 2027 దాకా, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700ను 12, 13, 14 తరాలకు వాడి, 2024 అక్టోబరులో 1851కి మారింది.