హెడ్‌ఫోన్ యాంప్ నుంచి స్పీకర్లకు వైరు పెడితే

యాక్టివ్ స్పీకర్లు కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చిపడుతుంది. యాంప్లిఫయర్ బాక్సులోనే ఉంటుంది కాబట్టి మోతకేమీ లోటుండదు. కానీ తగ్గించాలంటే నాబ్ స్పీకర్ వెనకెక్కడో ఉంటుంది. మన ఇళ్లలో స్పీకర్లు చేరేది ఎక్కువగా గోడలోకి దిగేసిన కడప బండల షెల్ఫులోకే, ఇక దాని వెనక్కి చెయ్యేం పోతుంది? పైగా రెండు స్పీకర్లకు రెండు నాబ్‌లు. ఒకటి కాస్త ఎక్కువ తిప్పితే పాట మొత్తం ఆ పక్కకు జరిగిపోతుంది. కంప్యూటర్లోనే తగ్గించుకోవచ్చు కదా అంటే, నిజమే. కానీ ఏ అప్‌డేటో అయ్యాక వాల్యూమ్ వందకు పోయి కూర్చుంటే, ప్లే నొక్కగానే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది.

చేతికందే దూరంలో ఒక మంచి నాబ్ కావాలి. యాంప్లిఫయర్‌కు ముందు సిగ్నల్‌ను సర్దే ప్రీయాంప్ అనే డబ్బా చేసే పనిలో ముఖ్యమైనది అదే. అది విడిగా కొనాలంటే మళ్లీ ఖర్చు. హెడ్‌ఫోన్లను నడపడానికి కొన్న చిన్న యాంప్లిఫయర్, అదే హెడ్‌ఫోన్ యాంపేమో, అప్పటికే టేబుల్ మీద ఉంటుంది. అనంతపురంలో ఉండే మా చిన్నమ్మ కొడుకు అడిగిందీ ఇదే: "అన్నా, దీన్లోంచి స్పీకర్లకు వైరు పెడితే కాలిపోవు కదా? దీని మీద ఒక వాటని రాసుండాది."

కాలిపోవు. వాటు అనేది యాంప్ బలవంతంగా తోసేది కాదు, అవతలి వస్తువు లాక్కునేది. బోరు మోటారును తిప్పే ట్రాన్స్‌ఫార్మరే పక్కన షెడ్డులో ఉన్న జీరో బల్బుకూ కరెంటిస్తుంది. మోటారు ఎంత లాగినా బల్బు తనకు కావలసినంతే తీసుకుంటుంది.

లెక్కలో చూద్దాం. 32 ఓముల హెడ్‌ఫోన్‌కు 1 వాటు అందాలంటే యాంప్ సుమారు 5.7 వోల్టులు ఇవ్వాలి. యాక్టివ్ స్పీకర్ ఇన్‌పుట్ నిరోధం మామూలుగా 10 వేల ఓములు, ఆ పైన ఉంటుంది. అదే 5.7 వోల్టులు దానికిస్తే అది తీసుకునేది 3 మిల్లీవాట్లకు కాస్త పైన, అంతే. హెడ్‌ఫోన్‌ను మోయడానికి తయారైన సర్క్యూట్‌కు ఇదొక బరువే కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. మంచి హెడ్‌ఫోన్ యాంప్ అవుట్‌పుట్ నిరోధం, అంటే బయటికెళ్లే సిగ్నల్‌కు తన లోపలే ఉండే అడ్డు, ఒకటి రెండు ఓములుంటుంది, కొన్నిట్లో ఇంకా తక్కువ. పది ఓములే అనుకున్నా 10 వేల ఓముల ముందు పోయే సిగ్నల్ వెయ్యో వంతు, అది ఏ చెవికీ తెలియదు. పొడుగు వైరు పెట్టినప్పుడు దీని విలువ బాగా కనిపిస్తుంది. చవగ్గా దొరుకుతుందని కొందరు యాంపే లేని ఒట్టి వాల్యూమ్ కంట్రోల్ పెట్టుకుంటారు. అందులో 50 వేల ఓముల కంట్రోల్ ఉంటే, ఒక స్థానంలో దాని అవుట్‌పుట్ నిరోధం 12,500 ఓముల దాకా పోతుంది. మీటరుకు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉన్న పది మీటర్ల వైరు దానికి తగిలిస్తే 13 వేల హెర్ట్జ్ దగ్గరే సిగ్నల్ 3 డెసిబెల్స్, అంటే శక్తిలో సగం, పడిపోతుంది. తాళాల మెరుపు, మాటలోని 'స' చప్పుడు మందగిస్తాయి. హెడ్‌ఫోన్ యాంప్‌కు అదే వైరు అసలు లెక్కలోకే రాదు.

ఇంతవరకూ హాయిగానే ఉంది. ఇబ్బంది వచ్చేది వాట్లతో కాదు, వోల్టులతో. కంప్యూటర్లోని డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే డబ్బాను డాక్ అంటారు. మామూలు డాక్ పూర్తి స్థాయిలో ఇచ్చేది 2 వోల్టులు. హెడ్‌ఫోన్ యాంప్‌లో సిగ్నల్‌ను ఎక్కువ రెట్లు పెంచే హై గెయిన్ స్విచ్ వేసి దాన్ని అయిదు రెట్లు చేస్తే 10 వోల్టులు. చాలా స్పీకర్లకు గది దద్దరిల్లడానికి 0.3 వోల్టులు చాలు. అంటే అంత మోతకే యాంప్ నాబ్ 30 డెసిబెల్స్ కింద ఆగిపోవాలి, మామూలు మోతకైతే ఇంకా కింద, గడియారంలో ఎనిమిది గంటల చోటనే. ఒక్క వెంట్రుక వాసి తిప్పితే గోల, వెనక్కి తిప్పితే నిశ్శబ్దం. అంతకంటే చిరాకైన సంగతి ఇంకొకటుంది. ఆ నాబ్ కింద ఒకే ఇరుసు మీద రెండు కార్బన్ పట్టీలుంటాయి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. నడిమి భాగంలో రెండూ దాదాపు ఒకేలా నడుస్తాయి కానీ మొదట్లో తేడా పడతాయి. అందుకే రాత్రిపూట చిన్నగా వినబోతే పాట ఎడమకో కుడికో ఒరిగినట్టుంటుంది. స్పీకర్ పాడైందని తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు.

దీనికి మందు తేలికే. యాంప్‌లో లో గెయిన్ వేయండి, స్పీకర్ వెనక ఉన్న నాబ్‌లు రెండూ సమానంగా తగ్గించండి. మీరు రోజూ వినే మోతకు యాంప్ నాబ్ పదకొండు, పన్నెండు గంటల దగ్గర ఉండేలా ఒకసారి కుదిరిస్తే, ఇక స్పీకర్ వెనక్కి చెయ్యి పెట్టే పని లేదు. యాంప్ నుంచి వచ్చే సన్నటి 'హిస్' కూడా దీంతో తగ్గుతుంది. అది నాబ్ తర్వాతి భాగంలో పుట్టే శబ్దం కాబట్టి యాంప్ నాబ్ ఎంత తగ్గించినా పోదు, స్పీకర్ దగ్గర తగ్గిస్తేనే పోతుంది.

వైరు దగ్గర మా వాడికి ఒక తమాషా జరిగింది. రెండు కొసలా ఒకే రకం 6.35 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ ఉన్న కేబుల్ తెచ్చి, ముందు ఒక స్పీకర్‌కు తగిలించి చూశాడు. పాట మొదలైంది. వయొలిన్లు, ఎకో లీలగా వస్తున్నాయి. పాడేవాడు లేడు, బేస్ లేదు. ఫోన్ చేసి, "అన్నా, గొంతు ఎవురో కోసేసినారు" అన్నాడు.

పిన్ మీద మూడు భాగాలుంటాయి. హెడ్‌ఫోన్ సాకెట్లో కొసన ఎడమ చానల్, నడిమి రింగులో కుడి చానల్, మిగతాది గ్రౌండ్. స్టూడియో రకం స్పీకర్ వెనక సాకెట్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ అది బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్. కొసన వచ్చిన దాంట్లోంచి రింగులో వచ్చినదాన్ని తీసేసి, మిగిలిన తేడానే అది వినిపిస్తుంది. దారిలో రెండు తీగల మీదా సమానంగా పడిన గుర్రు ఆ తీసివేతలో పోవాలని అలా చేశారు. ఇక్కడ మాత్రం ఎడమలోంచి కుడి పోయింది. సినిమా పాటల్లో గొంతునూ బేస్‌నూ సాధారణంగా రెండు చానళ్లలో సమానంగా కలుపుతారు, కాబట్టి సున్నా అయిపోయాయి. కావలసింది ఒక పక్క స్టీరియో పిన్, ఇంకో పక్క రెండు విడి మోనో పిన్‌లు ఉన్న వై ఆకారపు కేబుల్. స్పీకర్‌కు ఆర్‌సీఏ సాకెట్లుంటే (పాత టీవీల వెనక ఉండే ఎరుపు, తెలుపు గుండ్రటి రకం) ఆ పిన్‌లున్నది.

ఆ తర్వాత మిగిలేది గుర్రుమనే మోత. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ 50, 100 హెర్ట్జ్ స్పీకర్లో గుయ్యిమంటాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్, యాంప్, స్పీకర్లు వేర్వేరు ప్లగ్గుల్లో ఉంటే ఎర్తు తీగలూ ఆడియో కేబులూ కలిసి ఒక చుట్టు తయారవుతుంది, ఆ చుట్టులో కరెంటు తిరుగుతుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే ఆ చుట్టును తెంపే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. ప్లగ్గులో పెద్ద పిన్ను, అదే ఎర్తు పిన్ను, విరిచేయడం మాత్రం వద్దు. మోత పోతుంది కానీ షాక్ కొట్టకుండా ఉన్న అడ్డూ పోతుంది. అనంతపురం వైపు ఇంకో బెడద ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేలలో ఎర్తు గుంత ఎండిపోతుంది. ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి పెడితే జుమ్మంటోందంటే ఎర్తు సరిగా లేదనే అనుమానించాలి. ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంతలో ఎండాకాలం నాలుగు బిందెలు నీళ్లు పోయించండి. ఆడియో కోసం కాకపోయినా ప్రాణం కోసం.

ఆన్ చేసేటప్పుడు యాంప్ ముందు, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు. యాంప్ లోపల వోల్టేజీలు కుదురుకునే సెకను రెండు సెకన్లలో 'ధబ్' అని ఒక దెబ్బ బయటికొస్తుంది, వాల్వుల యాంప్‌లలో ఇది మరీ ఎక్కువ. కొన్నిట్లో రిలే అనే స్విచ్ ఉండి అంతవరకూ అవుట్‌పుట్‌ను ఆపుతుంది, టక్కుమని వినిపించేది అదే. కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ వరస ఎవరూ పాటించరు, అన్నీ ఒక్కసారే లేస్తాయి. అందుకే కరెంటు పోగానే స్పీకర్ స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకుంటే మంచిది.

ప్రీయాంప్ పెడితే సౌండ్ 'వెచ్చగా' అవుతుందనే మాటలు నేను పెద్దగా నమ్మను. బాగా చేసిన హెడ్‌ఫోన్ యాంప్ ఈ పనిలో తనదంటూ చెవికి తెలిసేదేమీ కలపదు, కలపకపోవడమే దాని గొప్ప. డాక్ మీదే నాబ్ ఉంటే ఇదంతా అక్కర్లేదు, నేరుగా స్పీకర్లకు ఇచ్చేయొచ్చు.

ఒక సాకెట్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఖరీదైన యాంప్‌లకు 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటుంది. అందులో ఒక్కో చానల్‌కు రెండు తీగలుంటాయి, రెండూ యాంప్ నడిపేవే, ఏదీ గ్రౌండ్ కాదు. అడాప్టర్‌తో దాన్ని ఆర్‌సీఏకు మారిస్తే ఆ రెంటిలో ఒకటి నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది, యాంప్ చిప్ పోవచ్చు. ఆర్‌సీఏ స్పీకర్లకైతే పక్కనే ఉండే మామూలు సాకెట్ వాడుకోండి.