గుండెపోటు కాదన్న తర్వాత

ఎద బరువెక్కి, చెమటలు పట్టిన మనిషిని ఆలూరు నుంచో ఆత్మకూరు నుంచో రాత్రికి రాత్రి కర్నూలు తీసుకొస్తారు. క్యాజువాలిటీలో ముందు ఈసీజీ తీస్తారు, ఆపై ట్రోపోనిన్ పరీక్ష చేస్తారు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రొటీన్ అది. నొప్పి మొదలైన వెంటనే పెరగదు కాబట్టి కొన్ని గంటలాగి మళ్లీ చూస్తారు. రెండుసార్లూ బాగుంటే, "గుండెపోటు కాదు, గ్యాస్ అయ్యుంటుంది, ఇంటికి పోండి" అంటారు.

ఆ మాట ఆ రాత్రికి నిజం. వచ్చే పదేళ్ల సంగతి ట్రోపోనిన్ చెప్పదు. దానికి ఎల్‌డీఎల్ చూడాలి. ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి పేరుకునే కొలెస్ట్రాల్ అది, నొప్పి తెలియదు. పేరుకున్న చోట గోడ చిట్లి గడ్డకడితే అప్పుడొచ్చేదే గుండెపోటు. పైగా దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే సగటున ఐదారేళ్లు ముందే వస్తోందని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది.

"మీ డాక్టరుకు చూపించుకోండి" అని చెప్పి పంపడం మామూలు పద్ధతి. అలా కాకుండా క్యాజువాలిటీలోనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు మొదలుపెడితే నెల తిరిగేసరికి ఎల్‌డీఎల్ ఎంత తగ్గుతుందో చూడటానికి అమెరికాలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ వైద్యులు ఎమరాల్డ్ పేరుతో ఒక పరిశోధన చేపట్టారు. ఆ ఆలోచన మన సీమకు ఇంకా ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఇక్కడ చాలామందికి "మీ డాక్టరు" అంటే ఊళ్లో ఆర్ఎంపీనే. టమోటా కోతల కాలంలో కూలి పోగొట్టుకుని, కొలెస్ట్రాల్ పరీక్ష కోసం పత్తికొండ నుంచి మళ్లీ కర్నూలు ఎవరొస్తారు? ట్రోపోనిన్ కోసం వేచి ఉన్న ఆ గంటల్లోనే, అదే రక్తంతో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష) కూడా చేయించేయొచ్చు.

పరగడుపున ఉండాలి కదా అంటారు. చాలామందికి అక్కర్లేదని ఐరోపా నిపుణులు 2016లోనే తేల్చారు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే మాత్రం పరగడుపున మరోసారి చూస్తే సరి.

అదే కొలతలో ఎల్‌డీఎల్ 190 లేదా అంతకు మించి ఉంటే ఇక లెక్కలు వేస్తూ కూర్చోవాల్సిన పనిలేదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టాల్సిందే. 40 దాటిన షుగర్ రోగుల్లో అంత లేకపోయినా ఇస్తారు. మిగిలినవాళ్లకు వయసు, బీపీ, పొగ అలవాటు కలిపి డాక్టరు నిర్ణయిస్తారు.

స్టాటిన్ పుట్టుక బూజులో ఉంది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక పెనిసిలియం బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను వేరుచేశారు. మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసేదే. ఆ తయారీకి కావలసిన ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. అప్పుడు కాలేయం తన అవసరానికి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల మాత్రతో ఎల్‌డీఎల్ సుమారు సగానికి పడిపోతుంది. ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులు ఐదో వంతు తగ్గుతాయి. జనరిక్ దొరుకుతుంది, ఖరీదు తక్కువ. ఉగ్గాని బజ్జీ తగ్గించడం, రోజూ నడవడం మంచిదే, కానీ 190 దాటినవాళ్లకు అది ఒక్కటే చాలదు.

నాకు భయమల్లా మాత్రల అట్ట అయిపోయిన రోజు గురించే. రిపోర్టు బాగుందని మానేస్తే ఎల్‌డీఎల్ మళ్లీ పెరుగుతుంది. అందుకే ఇంటికి పంపే చీటీ మీద మాత్ర ఆపొద్దని, 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించమని, కండరాల నొప్పులొస్తే చెప్పమని తెలుగులో రాసివ్వాలి. గర్భిణులకు సాధారణంగా ఈ మందు ఇవ్వరు, అదీ రాయాలి. బీపీ, షుగర్ మాత్రలిచ్చే ఊరి క్లినిక్‌లోనే ఇదీ దొరికితే ఎవరూ కర్నూలు దాకా రానక్కర్లేదు.

190 దాటిన మనిషి ఇంట్లో ఇది వంశపారంపర్యం కావచ్చు. జన్యులోపం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. తోడొచ్చిన అన్నదమ్ములకు, ఇంటి దగ్గరున్న పిల్లలకు కూడా ఎల్‌డీఎల్ చూడమని ఆ రాత్రే చెప్పి పంపాలి.