అమెరికాలో డెంటల్ హైజీనిస్ట్ లైసెన్స్: వాట్సాప్ గ్రూపుల మాట, చట్టం మాట

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీడీఎస్ పూర్తిచేసి, పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద డాలస్‌కో టాంపాకో వెళ్లినవాళ్లకు మొదట అందే సలహా దాదాపు ఒకటే. "డెంటిస్ట్ లైసెన్స్ కావాలంటే మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. ఈలోగా హైజీనిస్ట్‌గా చేరిపో." హైజీనిస్ట్ అంటే డెంటిస్ట్ క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసే, నోటి శుభ్రత గురించి చెప్పే మనిషి. ఈ సలహాలో సగం నిజమే. ఆ సగం మీకు పనికొస్తుందా లేదా అన్నది మీరు ఉంటున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో హైజీనిస్ట్ లైసెన్స్ ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రం.

అపోహ: బీడీఎస్ ఉంటే ఏ రాష్ట్రంలోనైనా హైజీనిస్ట్ లైసెన్స్ వస్తుంది.

చాలా రాష్ట్రాలు అడిగేది కోడా గుర్తింపు ఉన్న డెంటల్ హైజీన్ కోర్సు పట్టా. కోడా అంటే అక్కడి దంతవిద్యా కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ. బీడీఎస్‌లో పెరియో (చిగుళ్ల వైద్యం) ఎంత లోతుగా చదివినా అది హైజీన్ కోర్సు కాదు, కాబట్టి దరఖాస్తులో ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. టెక్సస్‌లో పరిస్థితి ఇదే.

ఫ్లోరిడా దీనికి మినహాయింపు. అక్కడి చట్టంలోని 466.007 సెక్షన్ విదేశీ డెంటల్ కాలేజీల్లో చదివినవాళ్లకూ హైజీనిస్ట్ పరీక్షలు రాసే దారి ఇచ్చింది. ముందు చూపించాల్సినవి రెండు: నాలుగు విద్యాసంవత్సరాల దంతవైద్య చదువుకు ట్రాన్స్‌క్రిప్టులు, అమెరికా దంతవైద్య పట్టాలైన డీడీఎస్ లేదా డీఎండీకి సాటి అని తేలిన డిగ్రీ. రాష్ట్ర డెంటల్ బోర్డు వాటిని ఒప్పుకున్నాక జాతీయ బోర్డు పరీక్ష, చేతిపనిని చూసే అడెక్స్ పరీక్ష, ఫ్లోరిడా చట్టాలూ నిబంధనల మీద ఇంకో పరీక్ష ఉంటాయి.

పరీక్షల కన్నా ముందు కాగితాలే ముప్పుతిప్పలు పెడతాయి. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. తెలంగాణ కాలేజీలేమో రాష్ట్ర విభజన తర్వాత వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ కిందికి వెళ్లాయి. దాంతో డిగ్రీ మీద ఒక పేరు, తర్వాత తెప్పించుకున్న ట్రాన్స్‌క్రిప్టు మీద మరో పేరు ఉండే అవకాశం ఉంది. ఈ సంగతులేవీ తెలియని, డిగ్రీ సాటిని తేల్చే మూల్యాంకన సంస్థకు అవి రెండు వేర్వేరు యూనివర్సిటీల్లా కనిపిస్తాయి. పేరు మార్పును ధ్రువీకరిస్తూ యూనివర్సిటీ నుంచి ఒక లేఖ ముందే తీసుకుని జతచేయడం మేలు. పాస్‌పోర్టులో అత్తవారింటి పేరు, మార్కుల మెమోలో పుట్టింటి పేరు ఉంటే పెళ్లి సర్టిఫికెట్ కూడా పెట్టాలి. ఇంటర్న్‌షిప్ ఏడాదిని నాలుగేళ్లలో కలిపి చూపించకండి. నాలుగేళ్ల చదువు వేరుగా, ఇంటర్న్‌షిప్ వేరుగా కనిపిస్తే ప్రశ్నలు తగ్గుతాయి.

అపోహ: జాతీయ బోర్డులో 75 రావాలంటే నూటికి 75 సరైన జవాబులు రాయాలి.

కాదు. హైజీన్ బోర్డు పరీక్షలో 350 ప్రశ్నలుంటాయి. 200 విడి ప్రశ్నలు, 150 రోగుల కేసుల మీద. 75 అనేది స్కేలు మీద పెట్టిన పాస్ గీత, శాతం కాదు. బీడీఎస్ వాళ్లు తడబడేది ఎక్కువగా కేసుల దగ్గర. చికిత్స ఏం చేయాలని డెంటిస్ట్‌లా ఆలోచిస్తారు. ప్రశ్న అడిగేది మాత్రం హైజీనిస్ట్ ఏం గమనించాలి, రోగికి ఏం చెప్పాలి అని.

అపోహ: లైసెన్స్ చేతికొస్తే పనిలో చేరొచ్చు.

లైసెన్స్ వేరు, పని చేయడానికి అనుమతి వేరు. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఈఏడీ (పని అనుమతి) కార్డు లేకపోతే ఏ బోర్డు లైసెన్సూ జీతం ఇప్పించదు. పెట్టె తెరిచే ముందు చూసుకోవాల్సిన తాళం ఇదే.

అపోహ: డెంటిస్ట్ క్లినిక్‌లో లేకపోయినా మామూలు క్లీనింగ్‌కు ఏ ఇబ్బందీ లేదు.

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఫ్లోరిడా చట్టం పర్యవేక్షణను మూడు మెట్లుగా విడదీసింది. డైరెక్ట్ అంటే డెంటిస్ట్ రోగిని చూసి సమస్య నిర్ధారించాలి, పనికి ఒప్పుకోవాలి, అది జరుగుతున్నంతసేపూ క్లినిక్‌లో ఉండాలి, రోగి వెళ్లే ముందు ఆ పని చూసి సరేననాలి. ఇన్‌డైరెక్ట్‌లో కూడా డెంటిస్ట్ క్లినిక్‌లో ఉండాలి, కానీ చివర్లో వచ్చి చూడనక్కర్లేదు. జనరల్‌లో పనికి డెంటిస్ట్ ముందే ఒప్పుకుంటే చాలు, అక్కడ ఉండాల్సిన అవసరం లేదు.

టెక్సస్‌లో మెలిక మరోచోట ఉంది. డెంటిస్ట్ పక్కన లేకపోయినా హైజీనిస్ట్ క్లీనింగ్ చేయొచ్చు. కానీ రోగిని ఆ డెంటిస్ట్ గత 12 నెలల్లో పరీక్షించి ఉండాలి. క్లినిక్‌లో ఇది ఎలా తప్పిపోతుందో చూడండి. రోగి ఆరు నెలల క్లీనింగ్ ఒకసారి మానేశాడు. డెంటిస్ట్ సెలవులో ఉన్న శుక్రవారం ఖాళీ దొరికిందని రిసెప్షన్ బుక్ చేసింది. రోగి కుర్చీలో కూర్చున్నాక చార్టు తీస్తే చివరి పరీక్ష జరిగి పదమూడు నెలలు. అప్పుడు చేయగలిగింది వేరే రోజుకు మార్చడమే. స్కేలర్ చేతిలోకి తీసుకుంటే అది హైజీనిస్ట్ లైసెన్స్‌కూ డెంటిస్ట్ లైసెన్స్‌కూ ముప్పే. చార్టు పై వరుసలో "చివరి డెంటిస్ట్ పరీక్ష" తేదీ కనిపించేలా పెట్టించుకుంటే ఈ గొడవ ఉండదు. బుక్ చేసేవాళ్లు చూసేది క్లీనింగ్ తేదీనే, పరీక్ష తేదీని కాదు.

అపోహ: మత్తు ఇంజెక్షన్ డెంటిస్ట్ పని, హైజీనిస్ట్ ముట్టుకోకూడదు.

ఇది మన దేశపు అలవాటులోంచి వచ్చిన భయం. మన 1948 డెంటిస్టుల చట్టంలో హైజీనిస్ట్ అంటే పళ్లకు స్కేలింగ్, శుభ్రం, పాలిష్ చేసే మనిషి, నోటి శుభ్రత గురించి చెప్పే మనిషి. అంతవరకే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1971లోనే హైజీనిస్టులకు లోకల్ అనస్థీషియా అప్పగించింది. టెక్సస్ 2023 దాకా ఆగింది.

అనుమతి ఉన్నచోట కూడా షరతులు ఒకేలా ఉండవు. ఫ్లోరిడాలో 30 గంటల పాఠం, 30 గంటల క్లినికల్ శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. రోగికి 18 ఏళ్లు నిండి ఉండాలి, సెడేషన్‌లో (మగత మందు ప్రభావంలో) ఉండకూడదు. పర్యవేక్షణ డైరెక్ట్. అంటే మామూలు క్లీనింగ్‌కు జనరల్ సరిపోయే క్లినిక్‌లోనే, మత్తు ఇచ్చి డీప్ క్లీనింగ్ చేసే రోజు డెంటిస్ట్ అక్కడ ఉండి తీరాలి. టెక్సస్‌లో సర్టిఫికెట్ పేరులోనే పరిధి ఉంది: లోకల్ ఇన్‌ఫిల్ట్రేషన్, అంటే పంటి పక్కనే మందు ఎక్కించి ఆ చోటును మొద్దుబార్చడం. పై పళ్లకు దాంతో పని జరుగుతుంది. కింది దవడ వెనక పళ్ల దగ్గర ఎముక దట్టం కాబట్టి మందు లోపలికి ఇంకదు, అక్కడ నరం దగ్గర మందు ఎక్కించే బ్లాక్ కావాలి. కింద కుడి వైపు డీప్ క్లీనింగ్ రాసిపెట్టి ఇంజెక్షన్ కూడా హైజీనిస్టే ఇస్తుందనుకుంటే లెక్క తప్పుతుంది.

అపోహ: హైజీనిస్ట్ సొంతంగా క్లినిక్ పెట్టడం ఎక్కడా కుదరదు.

కొలరాడోలో 1980ల చివరి నుంచే కుదురుతోంది. కాలిఫోర్నియాలో దీనికి వేరే లైసెన్స్ ఉంది, ఆర్‌డీహెచ్ఏపీ అంటారు. దరఖాస్తుకు ముందు 36 నెలల్లో కనీసం 2,000 గంటల క్లినికల్ పని, బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన యూనిట్లు, 150 గంటల ప్రత్యేక కోర్సు ఉండాలి. మంచానపడిన వృద్ధుల ఇళ్లు, బడులు, వృద్ధాశ్రమాలు, దంతవైద్యులు కొరవడిన ప్రాంతాలు వీళ్లు పనిచేసే చోట్లు. ఎక్కడైనా సరే సొంత క్లినిక్ అంటే పన్ను కోయడం, పీకడం కాదు. చేతిలో పని హైజీన్ వరకే.

అపోహ: ఒక రాష్ట్రంలో వచ్చిన లైసెన్స్ ఇంకో రాష్ట్రానికి మార్చుకోవచ్చు.

ఫ్లోరిడా దారిలో వచ్చిన బీడీఎస్ వాళ్లకు ఎక్కువ నొప్పి కలిగించేది ఇదే. భర్తకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, ఇల్లు మారారు. టెక్సస్ బోర్డు మళ్లీ హైజీన్ స్కూల్ పట్టా అడుగుతుంది. ఫ్లోరిడాలో ఎన్నేళ్లు పనిచేసినా ఆ గడి నిండదు. అలబామాలో డెంటిస్ట్ దగ్గర పనిచేస్తూ బోర్డు శిక్షణతో హైజీనిస్ట్ అయినవాళ్లదీ ఇదే కథ, ఎందుకంటే ఆ శిక్షణకు కోడా ముద్ర లేదు.

డెంటిస్టులకూ హైజీనిస్టులకూ కలిపి రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి వచ్చిందని, ఇక ఎక్కడైనా పనిచేయొచ్చని ఈమధ్య మెసేజ్‌లు తిరుగుతున్నాయి. ఒప్పందం నిజమే. ఏడు రాష్ట్రాలు చేరితే మొదలవ్వాలన్న షరతు 2024లో తీరింది. కానీ అందులో చేరని రాష్ట్రంలో అది చెల్లదు, చేరిన రాష్ట్రంలో కూడా అక్కడి పరిధి, అక్కడి పర్యవేక్షణే వర్తిస్తాయి. పైగా అర్హతల్లో కోడా కోర్సు ఉంది. ఫ్లోరిడాలో ఇల్లు కొనేముందు ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. రెండు మూడేళ్లలో మరో రాష్ట్రానికి మారే ఆలోచన ఉంటే, ఫ్లోరిడాలోనే కమ్యూనిటీ కాలేజీలో హైజీన్ సీటుకు దరఖాస్తు పెట్టడం నయం.