పల్లె దారిలో స్కూటర్: షెడ్డులో వినే అపోహలు, దారిలో చూసిన వాస్తవాలు

రావులపాలెంలో స్కూటర్లు బాగుచేసే షెడ్డు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించేసి, బండి తీసుకుని ఏదో ఒక కాలవ గట్టు పట్టుకుని పోతాను. అయినవిల్లి వైపో, ముక్తేశ్వరం వైపో, కుదిరితే రేవు దాటి ద్రాక్షారామం దాకానో. పనేమీ ఉండదు. వారమంతా ఇంజన్ల రొద విన్న చెవులకి ఆ నాలుగు గంటలు కావాలి, అంతే. సోమవారం షెడ్డుకి వచ్చినవాళ్ళతో ఆ కబుర్లు చెబితే "స్కూటర్ మీదా? అంత దూరమా?" అంటారు. దాని వెనకే అపోహలన్నీ వరసగా వచ్చేస్తాయి. ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: స్కూటర్ టౌన్ బండి. పల్లె రోడ్లకి బైకే కరెక్టు.

వాస్తవం: స్కూటర్‌కి పేరొచ్చిందే రోడ్లు చితికిపోయిన దేశంలో. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ నాశనమయ్యాక, 1946లో పియాజియో కంపెనీ వెస్పాని తెచ్చింది. వెస్పా అంటే వాళ్ళ భాషలో కందిరీగ. దాన్ని రూపొందించిన కొరాడినో దాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటార్ సైకిళ్ళంటే గిట్టేది కాదు. చైను మడ్డి బట్టలకి అంటుతుంది, ఎక్కాలంటే కాలు పైకెత్తి తిప్పాలి, పంక్చరైతే చక్రం ఊడదీయడం పెద్ద పని. అందుకని ఇంజన్‌ని వెనక చక్రం దగ్గరికి చేర్చాడు, కాళ్ళకి ముందు రేకు అడ్డం పెట్టాడు, విమానం చక్రంలాగ ఒకవైపు నుంచే బిగించే చక్రం పెట్టాడు. 1972లో వచ్చిన మన బజాజ్ చేతక్ ఆ వంశంలోదే. ముందు పిల్లాడు నిలబడి, వెనక ఇల్లాలు, ఆవిడ ఒళ్ళో చంటిది, కాళ్ళ దగ్గర పళ్ళ బుట్ట. మా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ తిరిగిన బండి అది. అప్పటి రోడ్లు ఇప్పటికంటే బాగుండేవేం కాదు.

చక్రం చిన్నదన్న మాట మాత్రం నిజం. బైకుకి 17, 18 అంగుళాల చక్రాలుంటాయి. యాక్టివాకి చాలా ఏళ్ళు రెండూ 10 అంగుళాలవే. 2020లో వచ్చిన 6జి మోడల్‌కి ముందుది 12 చేశారు. జూపిటర్‌కి మొదటి నుంచీ రెండూ 12 అంగుళాలే. బైకు దాటుకుని పోయే గుంతలో చిన్న చక్రం దిగబడుతుంది, ఆ దెబ్బ నేరుగా నడుముకి తగులుతుంది. కాబట్టి గతుకుల దారిలో స్కూటర్‌ని 60లో తోలకూడదు. 40 దాటకుండా పొండి, గుంత ముందే కనబడుతుంది, తప్పించుకునే టైమూ ఉంటుంది.

అపోహ: 40లో పోతే టైం వేస్టు, మైలేజీ కూడా రాదు.

వాస్తవం: లెక్క చూద్దాం. 36 కిలోమీటర్ల దూరం 60లో పోతే 36 నిమిషాలు. 40లో పోతే 54 నిమిషాలు. తేడా 18 నిమిషాలు. మన రోడ్ల మీద ఆ 60 కూడా ఆగకుండా సాగదు కాబట్టి నిజంగా మిగిలేది ఇంకా తక్కువ. మైలేజీ సంగతికొస్తే, ఒకే నిదానంలో 40 నుంచి 50 మధ్య పోయే స్కూటరే ఎక్కువ ఇస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలిని తోసుకుపోవడానికే పెట్రోల్ ఖర్చయిపోతుంది.

ఆ 18 నిమిషాలకి నాకు దక్కేదేమిటో కూడా చెప్పాలి. ఎండలో పోతూ పోతూ కొబ్బరి తోట నీడలోకి దూరగానే మోచేతుల మీద గాలి ఒక్కసారి చల్లబడుతుంది. అరటి తోట పక్కన ఇంకో రకం చల్లదనం, కాస్త తడిగా ఉంటుంది. కాలవ నిండా నీళ్ళున్న రోజుల్లో గట్టెక్కగానే చలువ తెలుస్తుంది, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అదే చోట బురద వాసన వస్తుంది. ఊరి మొదట్లో రైసు మిల్లుంటే ఉడికిన ధాన్యం వాసన ముందే చెబుతుంది. కడియం వైపు వెళితే నర్సరీలకి నీళ్ళు పెట్టే వేళ తడిసిన మట్టీ పూలూ కలిసిన వాసన. స్కూటర్ మీద కుర్చీలో కూర్చున్నట్టు నడుం నిటారుగా ఉంటుంది, తల ఎత్తే ఉంటుంది. వరిచేల మీదుగా చూపు అవతలి గట్టు దాకా పోతుంది. గట్టు మీద నిలబడ్డవాళ్ళు "ఎవరింటికండీ?" అని అడిగితే వినబడుతుంది, జవాబు చెప్పేంత నిదానంలోనే ఉంటాం. 60లో ఇవేవీ దక్కవు. నేను రెండు రకాలుగానూ వెళ్ళి చూశాను.

అపోహ: గాలి గట్టిగా కొట్టిస్తే బండి తేలిగ్గా పోతుంది.

వాస్తవం: షెడ్డుకి "హ్యాండిల్ కొట్టుకుంటోంది, నడుం నొప్పి వస్తోంది, షాకబ్జర్లు మార్చాలి" అని వచ్చే బళ్ళలో చాలావాటికి నేను ముందు చేసే పని గాలి తీయడం. యాక్టివా 6జికి కంపెనీ పుస్తకంలో రాసింది ముందు చక్రానికి 22 పాయింట్లు, వెనక చక్రానికి ఒక్కరైతే 29, ఇద్దరైతే 36. గాలి కొట్టేచోట నోరు తెరిచి చెప్పకపోతే రెండింటికీ ఒకటే కొట్టేస్తారు, 40 కూడా కొట్టేస్తారు. అంత గాలితో చిన్న చక్రం రాయిలాగ అయిపోతుంది. గులకరాయి ఎక్కినా హ్యాండిల్ గింజుకుంటుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. గాలి తక్కువైతే ఇంకో బాధ: బండి ఈడ్చుకుపోతుంది, గుంతలో పడితే రిమ్ము సొట్టపోతుంది.

మొన్న సంక్రాంతి ముందు ఒక చెల్లెమ్మ బండి తెచ్చింది. రోజూ కాలవ గట్టు మీద నుంచి స్కూలుకి వెళ్ళి పాఠాలు చెప్పి వస్తుంది. వేరేచోట షాకబ్జర్లు మార్పించుకుందిట, అయినా కుదుపు తగ్గలేదు. గేజి పెట్టి చూస్తే ముందు చక్రంలో 38 ఉంది. కొత్త షాకబ్జర్లకి పోసిన డబ్బు తలుచుకుంటే నాకే ప్రాణం ఉసూరుమంది. గాలి సరిచేసి పంపితే మర్నాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, గట్టు మీద పాట పాడుకుంటూ వచ్చానండీ" అంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. సొంతంగా ఒక చిన్న గేజి కొనుక్కుని డిక్కీలో పడేసుకోండి.

అపోహ: దిగుడులో ఇంజన్ ఆపేస్తే పెట్రోల్ కలిసొస్తుంది.

వాస్తవం: దీని గురించి నేను గొడవపడైనా చెబుతాను. మా ప్రాంతం చదునే గానీ, సెలవొస్తే కుర్రాళ్ళందరూ మారేడుమిల్లి ఘాట్‌కి స్కూటర్లేసుకుని వెళుతున్నారు. అక్కడ దిగేటప్పుడు తాళం తిప్పేస్తున్నారు.

గేర్లు లేని స్కూటర్‌లో ఇంజన్‌కీ చక్రానికీ మధ్య రెండు పుల్లీలు, వాటి మీద ఒక బెల్టు, వెనక క్లచ్ షూలు ఉంటాయి. ఇంజన్ తిరిగే వేగానికి షూలు విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెని పట్టుకుంటాయి. పట్టుకుని ఉన్నంతసేపూ యాక్సిలేటర్ వదిలేస్తే ఇంజన్ చక్రాన్ని వెనక్కి లాగి పట్టినట్టుంటుంది, కొంత బ్రేకు అదే వేస్తుంది. ఇంజన్ ఆపేశారంటే, బండి కాస్త నెమ్మదించి షూలు ఒకసారి విడిపోయాక మళ్ళీ పట్టుకోవు, ఆ సాయం పోతుంది. ఇక మొత్తం బరువు బ్రేకుల మీదే. డ్రమ్ము బ్రేకులు అదేపనిగా పట్టుకుంటే వేడెక్కుతాయి, కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత లివరు హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా బండి ఆగదు. అలా నల్లగా కాలిన లైనర్లు నా చేత్తో విప్పాను. ఆ బండి తోలిన కుర్రాడు మోచెయ్యి చెక్కుకుపోయి బయటపడ్డాడు, దేవుడి దయ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బాగా నెమ్మదిస్తే, ఇంజన్ ఆన్‌లో ఉన్నా షూలు వదిలేస్తాయి. దిగుడులో బండి ఉన్నట్టుండి తేలికై జారినట్టు అనిపిస్తుంది చూడండి, అదే. అప్పుడు గాభరాపడకుండా యాక్సిలేటర్ ఒక్క పిసరు ఇచ్చి వదలండి, షూలు మళ్ళీ పట్టుకుంటాయి. బ్రేకు నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ దిగండి. పెట్రోల్ మాటకొస్తే, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బళ్ళు చాలావాటిలో యాక్సిలేటర్ పూర్తిగా వదిలి చక్రమే ఇంజన్‌ని తిప్పుతున్నప్పుడు పెట్రోల్ చిమ్మడం దానంతటదే ఆగిపోతుంది. మీరు తాళం తిప్పి మిగిల్చేది ఏమీ ఉండదు.

అపోహ: ట్రాఫిక్ లేని దారి కాబట్టి ప్రమాదం ఉండదు.

వాస్తవం: పల్లెదారి ప్రమాదాలు వేరు. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద బ్రేకు వేస్తే సైకిల్ బాల్సు మీద వేసినట్టే. ముందే వేగం తగ్గించుకుని, ధాన్యం మీదకి వచ్చాక బ్రేకూ ముట్టుకోకుండా, హ్యాండిలూ తిప్పకుండా నేరుగా దాటాలి. వీలైతే దిగి పక్కనుంచి నడిపించుకుపోండి, అది ఒకరి ఆరు నెలల కష్టం. దమ్ము చేసిన ట్రాక్టర్ రోడ్డెక్కితే ఇనప చక్రాల నుంచి రేగడి ముద్దలు రాలతాయి. ఎండినప్పుడు గట్టిగానే ఉంటాయి, నాలుగు చినుకులు పడితే చాలు, సబ్బు. సాయంత్రం దీపాలవేళ కాలవ పక్కన పురుగులు ముసురుతాయి, హెల్మెట్ అద్దం దించుకోవాలి. "ఊళ్ళోకే కదా" అని హెల్మెట్ ఇంట్లో వదిలేసేవాళ్ళకి ఒకటే మాట: చట్టంలో ఊరికో రూలు లేదు, తలకాయా ఒకటే.

అపోహ: నీళ్ళలోంచి రయ్యిన లాగించేస్తే ఏం కాదు.

వాస్తవం: సైలెన్సర్‌లోకి నీళ్ళు పోవడం ఒక్కటే కాదు భయం. బెల్టు ఉండే పెట్టెలోకి నీరు పోతే బెల్టు జారుతుంది, ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. ఫుట్‌బోర్డు దాకా నీళ్ళుంటే వెనక్కి తిరిగిపొండి. నీళ్ళలోకి దిగితే మాత్రం తర్వాత గేర్ ఆయిల్ చూపించుకోండి, తెల్లగా పాలలా మారితే నీళ్ళు కలిసినట్టే.

అపోహ: బైకు ఆయిలూ స్కూటర్ ఆయిలూ ఒకటే.

వాస్తవం: డబ్బా మీద ఎంఏ, ఎంబీ అని రాసి ఉంటుంది. బైకు క్లచ్ ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి దానికి ఎంఏ. గేర్లు లేని స్కూటర్ క్లచ్ పొడిగా ఉంటుంది, దానికి ఎంబీ. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే ఉంటుందన్న సంగతి మర్చిపోకండి. అది కొంచెమే ఉంటుంది, కానీ అదీ మార్చాల్సిందే.

అపోహ: పంటు మీద స్కూటర్ ఎక్కించడం కష్టం, పడిపోతుంది.

వాస్తవం: పంటు అంటే మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ. ముక్తేశ్వరం రేవులో అది ఎక్కితే అవతల కోటిపల్లి. గోదారి పోటు మీదుంటే ఆపేస్తారు, మిగతా రోజుల్లో బళ్ళు ఎక్కించుకుంటారు. దిగి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బండి పక్కన నడుస్తూ కొంచెం కొంచెం యాక్సిలేటర్ ఇస్తూ చెక్కల మీద ఎక్కించండి. పైకి చేరాక ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, బ్రేకు లివర్‌ని హ్యాండిల్‌తో కలిపి ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. పాత ట్యూబు ముక్క అయితే ఇంకా గట్టిగా పడుతుంది. సైడ్ స్టాండ్ మీద మాత్రం వదలొద్దు, పంటు ఊగితే అది ముడుచుకుపోతుంది.

ఇక చేతులు ఖాళీ. వేడి సైలెన్సర్ చల్లారుతూ టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంది. నది మధ్యకి వచ్చేసరికి ఆ చప్పుళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది, అవతలి ఒడ్డు చేరేలోపు ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి వింటున్నాను, దాటిన ప్రతిసారీ చెవి అటే పోతుంది.

అపోహ: వయసు మళ్ళాక స్కూటర్ మీద దూరాలొద్దు.

వాస్తవం: చూపు, వినికిడి, మోకాళ్ళు బాగుండాలి, డాక్టరు సరేననాలి. ఆ పైన బండిని బట్టి ఉంటుంది. కాలెత్తి తిప్పక్కర్లేని బండి పెద్దవాళ్ళకి బైకు కంటే నయం.

నా దగ్గరికి రిటైరైన మాస్టారొకరు పాత చేతక్ తెస్తారు. ప్లగ్గు తీసి మసి గీకి, పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ కలపొద్దని ప్రతిసారీ చెబుతాను. లీటరుకి 20 మిల్లీలీటర్లు చాలు, ఇంకాస్త పోస్తే ఇంజన్‌కి మంచిదన్నది కూడా అపోహే, పొగా మసీ తప్ప ఏమీ రాదు. ఆయన తలూపుతారు. నెలకోసారి ఆ బండి మీద పి.గన్నవరం అక్విడక్టు దాకా వెళతారు. అక్కడ కింద వైనతేయ నది, దాని మీదుగా పొలాలకి పోయే కాలవ, నీటి మీద నీరు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని చూపించారుట. పోయిన నెల నన్నూ రమ్మన్నారు. నా బండి మీద వెనకే వెళ్ళాను. అక్కడ గంటసేపు నీళ్ళు చూస్తూ నిలబడ్డాం, పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. తిరిగి బయల్దేరేటప్పుడు ఆయన చేతక్‌ని పక్కకి వంచి, పెట్రోల్ దిగేదాకా ఆగి, నిలబెట్టి ఒక్క కిక్ కొట్టారు. స్టార్టయింది.