1898 నాటి ఇంజన్‌ని 1951లో మళ్లీ ఎందుకు తయారుచేశారు?

1951లో ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న డార్లింగ్టన్ వర్క్‌షాప్ నుంచి 69023 నంబరు ఆవిరి ఇంజన్ బయటికొచ్చింది. ఇనుము కొత్తది, రంగు కొత్తది. డ్రాయింగ్ మాత్రం విక్టోరియా రాణి బతికున్న నాటిది. చిన్నచిన్న మార్పులు తప్ప 1898లో గీసిన బొమ్మనే 53 ఏళ్ల తర్వాత కూడా పోతపోశారు. ఈ రకం ఇంజన్ల పేరు జె72 తరగతి. ఆ పేరెత్తితే రైలు అభిమానులు ఇప్పటికీ వాదులాడుకునేది దీని గురించే: ఇది పొదుపా, బద్ధకమా?

అప్పట్లో అక్కడి రైల్వే పేరు నార్త్ ఈస్టర్న్. బొగ్గు గనులు, రేవులు, ఉక్కు మిల్లులు ఉన్న ప్రాంతం కాబట్టి యార్డుల్లో పని తెగేది కాదు. దాని ఇంజన్ల విభాగం పెద్ద విల్సన్ వర్స్‌డెల్. తన అన్న హయాంలో 1886లో వచ్చిన షంటింగ్ ఇంజన్‌నే తీసుకుని, చక్రాలు అరడుగు చిన్నవి చేసి, సిలిండర్లు కాస్త పెంచాడు. చక్రం చిన్నదైతే వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. యార్డులో కావలసింది అదే. నీళ్లు బాయిలర్‌కి రెండు పక్కలా ఉన్న ట్యాంకుల్లో, బొగ్గు క్యాబ్ వెనకాల. బొగ్గూ నీళ్లూ మోసే వేరే బండి (టెండర్) వెనక తగిలించే పని లేదు కాబట్టి ముందుకెంత సులువుగా నడుస్తుందో వెనక్కీ అంతే.

షంటింగ్ అంటే ఏమిటో ఒక్క నిమిషం చూద్దాం. గూడ్స్ బండి వస్తుంది. ఏ వ్యాగన్ ఏ ఊరికో చూసి, విడదీసి, వేరే లైన్లలోకి తోయాలి. వ్యాగన్ల మధ్య ఉండేది మూడు లంకెల గొలుసు. పొడవాటి కర్ర చివర ఇనుప కొక్కెంతో షంటర్ ఆ గొలుసు ఎత్తి తగిలించేవాడు, తప్పించేవాడు. చాలా వ్యాగన్లకు ఇంజన్ నుంచి వేసే బ్రేకే ఉండేది కాదు. కదులుతున్న వ్యాగన్ పక్కనే పరిగెత్తుతూ, అదే కర్రని ఆసరా చేసుకుని పక్కనున్న బ్రేకు మీట నొక్కాలి. జారితే కాలు పోతుంది. 1898లో ఇలాగే ఉండేది, 1950లోనూ పెద్దగా మారలేదు. పని మారనప్పుడు యంత్రం మాత్రం ఎందుకు మారుతుంది?

అందుకే యజమానులు మారినా ఇంజన్ మారలేదు. 1922 దాకా నార్త్ ఈస్టర్న్ కోసం 75 తయారయ్యాయి. 1923లో ఆ కంపెనీ లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే (ఎల్ఎన్ఈఆర్)లో కలిసిపోయింది. వేగానికి మారుపేరైన నైజెల్ గ్రెస్లీ దాని చీఫ్ ఇంజనీరు. ఆయన కూడా 1925లో ఇవే మరో 10 చేయించాడు. 1948లో రైల్వేలు జాతీయమయ్యాక, బ్రిటిష్ రైల్వేస్ 1949–51 మధ్య ఇంకో 28 కట్టింది. మొత్తం 113.

అసలు చిక్కు ఆ 28 దగ్గరే. అప్పటికి డీజిల్ కొత్త వింతేమీ కాదు. ఎల్ఎన్ఈఆరే 1944–45లో నాలుగు డీజిల్ షంటర్లు తయారుచేసింది. డీజిల్‌ని పొద్దున్నే స్టార్ట్ చేస్తే చాలు. ఆవిరి ఇంజన్‌కి గంటల ముందే నిప్పు రాజేయాలి, పని లేకున్నా బొగ్గు తింటూ నిలబడుతుంది. ఇటు చూస్తే యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో విదేశీ మారకానికి కటకట. చమురు దిగుమతి సరుకు, బొగ్గు ఇంటి సరుకు. అచ్చులు సిద్ధం, పనివాళ్ల చేతులకు అలవాటు, విడిభాగాలు షెడ్డులోనే ఉన్నాయి. వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం. పైగా ఇది డార్లింగ్టన్ ఒక్కచోటి కథ కాదు, పశ్చిమాన ఆవిరి షంటర్ల తయారీ 1956 దాకా సాగింది.

కానీ పైవాళ్ల ఆలోచన అప్పటికే వేరేగా ఉంది. జాతీయ రైల్వే కోసం దాని ఇంజన్ల రూపకర్త రిడిల్స్ బృందం 12 రకాల కొత్త ఆవిరి ఇంజన్లు గీసింది, షంటింగ్‌కి ఒక్కటీ గీయలేదు. చివరి జె72 వచ్చిన మరుసటి ఏడే, 1952లో, తర్వాత క్లాస్ 08గా పేరుపడ్డ డీజిల్ షంటర్ మొదలైంది. అలాంటివి దాదాపు వెయ్యి తయారయ్యాయి, కొన్ని అదే డార్లింగ్టన్‌లో. ఆ 08లు కొన్ని ఇప్పటికీ పనిలో ఉన్నాయి.

జె72లు 1958 నుంచి తుక్కుకి వెళ్లడం మొదలై 1964కల్లా యార్డుల్లోంచి మాయమయ్యాయి. కొత్తగా కట్టిన 28లో చాలావాటికి పట్టుమని పదిహేనేళ్లు కూడా నిండలేదు. మధ్యలో ఒక్క ముచ్చట: 1960లో న్యూకాసిల్, యార్క్ స్టేషన్లలో రైలు పెట్టెలు అటూ ఇటూ మార్చే రెండు జె72లకి పాత నార్త్ ఈస్టర్న్ ఆకుపచ్చ రంగు వేశారు. పోయేవాళ్లకి కొత్త బట్టలు పెట్టినట్టు.

69023కి మాత్రం వేరే పని దొరికింది. చలికాలంలో రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పాయింట్లు మంచుతో బిగుసుకుపోతే, ఆవిరి వదిలి కరిగించడం. 1966లో ఒకాయన దాన్ని కొనుక్కుని తల్లిదండ్రుల పేర్లు కలిపి దానికి ‘జోయెమ్’ అని పెట్టుకున్నాడు. 113లో మిగిలింది అదొక్కటే.