జనరేటర్‌ను కొట్టంలో కట్టేయాలి

చిట్టీ, చిన్నోడా,

మీరు ఫోన్‌లో పంపిన ప్రశ్న విన్నాను. జవాబు కూడా ఫోన్‌లోనే చెప్పొచ్చు గానీ, మీరు "ఊఁ ఊఁ" అంటూనే ఇంకేదో ఆటలో పడిపోతారు. కాగితం మీద రాస్తే కనీసం మీ అమ్మయినా చదువుతుంది.

చిన్నోడికి సగమే తెలుసు కాబట్టి సంగతి మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. రోహిణి కార్తెలో గాలిదుమారం లేచి, మీ వీధి చివర వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. వీధంతా చీకటి. మీ నాన్న కొత్తగా కొన్న జనరేటర్‌ను బయటికి తీశాడు. కాసేపటికి లైన్‌మన్ వచ్చాడు. స్తంభం ఎక్కకముందే మీ గేటు కొట్టి, "సార్, జనరేటర్ నడుస్తున్నట్టుంది, చేంజ్‌ఓవర్ స్విచ్ పెట్టించిన్రా?" అని అడిగాడు. చిట్టికి అక్కడ అనుమానం వచ్చింది. "కరెంటే పోయింది కదా తాతా, తీగల్లో ఏమీ లేదు కదా! మన జనరేటర్ మన ఇంట్లో నడిస్తే ఆయనకెందుకు టెన్షన్?"

స్తంభాలెక్కి దిగి, కరెంటు ఆఫీసులోనే రిటైరైన నన్ను ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. జవాబు చెబుతాను. కానీ నేరుగా రాను, మా పాత ఇంటి గొడ్లకొట్టం మీదుగా వస్తాను.

జనరేటర్ అంటే ఎద్దు అనుకోండి. నవ్వకండి. పరకాల దగ్గర మా ఊళ్లో మా బాపుకు ఒక అరక ఉండేది. తెల్లెద్దు నెమ్మది, కర్రెద్దు మొండిది. ఎద్దు చొప్ప తింటుంది, జనరేటర్ పెట్రోలు తాగుతుంది. ఎద్దు రొప్పుతుంది, ఇది పొగ వదులుతుంది. ఎద్దు వెనక వైపు నుంచి పోతే తన్నుతుంది, దీని సైలెన్సర్ వైపు పోతే కాలుతుంది. రెండూ బలమైనవే, రెండూ మనం చెప్పినట్టు వింటున్నట్టే ఉంటాయి.

మరి ఎద్దు ఎంత మంచిదైనా దాన్ని పడకగదిలో కట్టేస్తామా? వానొచ్చినా, చలి పెట్టినా దాని చోటు కొట్టమే. జనరేటర్ కూడా అంతే. ఇంట్లో వద్దు, వరండాలో వద్దు, బాల్కనీలో వద్దు, కారు పెట్టుకునే షెడ్డులో షట్టర్ సగం ఎత్తి కూడా వద్దు. తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అటువైపు తిప్పి పెట్టాలి. మన కిటికీకే కాదు, పక్కింటి వాళ్ల కిటికీకి కూడా. హనుమకొండలో గోడకు గోడ ఆనుకుని కట్టుకున్న ఇళ్లలో 20 అడుగులు ఎక్కడివంటారా? లేకపోతే జనరేటరే వద్దు. రెండు లైట్లు, రెండు ఫ్యాన్ల కోసమైతే ఇన్వర్టర్ చాలు. అది శబ్దం లేకుండా తన పని తాను చేసుకుంటుంది. మీ నాన్నకు ఈ మాట కొనకముందే చెప్పాను. ఫ్రిజ్జు, మోటరు అన్నాడు. సరే, పెరడు ఉంది కాబట్టి సరిపోయింది.

దూరం ఎందుకో చెప్పాలి. ఇంజను వదిలే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. మనం పీల్చిన ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఈ విషవాయువు ఆ హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేసుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వాంతి వచ్చేటట్టు ఉండడం, ఆ పైన నిద్ర. ఆ నిద్రే చంపేది. కరెంటు లేని రాత్రి అలసిపోతే వచ్చే నిద్ర కూడా అలాగే ఉంటుంది కదా, ఎవరికి అనుమానం వస్తుంది?

మా చిన్నత్త పుట్టింటికి పురిటికి వచ్చినప్పుడు నాకు బడికి పోయే వయసు. చలికాలం. బాలింత గదిలో కుంపటి పెట్టేవాళ్లు. మా నాయినమ్మ బొగ్గులను ముందు వాకిట్లో రాజేసేది. పొగ పోయి, బొగ్గు ఎర్రగా కణకణలాడేదాకా విసనకర్రతో విసిరి, అప్పుడు లోపలికి తెచ్చేది. పొగ చుక్క కూడా ఉండేది కాదు. అయినా కిటికీ రెక్కకూ చట్రానికీ నడుమ పప్పుగుత్తి అడ్డం పెట్టేది, గాలికి మూసుకుపోకుండా. "చలి వస్తుంది, తీసెయ్యవే" అని అత్త గునిసినా వినేది కాదు. ఇల్లంతా వెతికి, పప్పుగుత్తి కనపడక, అది కిటికీలో ఉందని గుర్తొచ్చి మా అవ్వ (అమ్మ) తిట్టుకుంటూ పప్పు గంటెతో ఎనిపిన రోజులున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ పేరు మా నాయినమ్మ వినలేదు. ఎర్రటి బొగ్గు వదిలేదీ, జనరేటర్ వదిలేదీ ఆ ఒక్క వాయువే.

కాబట్టి మీ ఇద్దరికీ ఒక డ్యూటీ ఇస్తున్నాను. జనరేటర్ నడుస్తున్నప్పుడు ఇంట్లో ఎవరికైనా తల నొస్తుందంటే, ముందు అందరూ బయటికి రండి. జండూబామ్ వెతకొద్దు, జనరేటర్ ఆపడానికి దాని దగ్గరికి పరుగెత్తొద్దు. గాలి తగిలే చోటికి వచ్చాక 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లు "ఏం కాలేదు, పడుకోండి" అంటే ఆ ఒక్కసారికి వాళ్ల మాట వినకపోయినా ఫర్వాలేదు, తాత చెప్పాడని చెప్పండి.

ఇక మేత సంగతి. అరక విడిచిన వెంటనే బాపు ఎద్దుల ముందు కుడితి పెట్టేవాడు కాదు. చింతచెట్టు కింద నిలబెట్టి, రొప్పు తగ్గనిచ్చేవాడు. జనరేటర్‌కు కూడా నడుస్తుండగా పెట్రోలు పోయకూడదు. ఆపి, ఇంజను చల్లబడేదాకా ఆగాలి. వేడి సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు, భగ్గుమంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న దీపాన్ని అందుకుంటుంది. అందుకని కొవ్వొత్తి పట్టుకుని పోయడం వద్దు, టార్చిలైటు వాడాలి. క్యాను వంటగదిలో పెట్టొద్దు. ట్యాంకు అంచుదాకా నింపొద్దు.

బరువు కూడా ఒక్కసారే వేయకూడదు. బండి నిండా బస్తాలు వేసి కర్రెద్దును లేపితే మోకాళ్ల మీద పడేది. జనరేటర్‌ను ఖాళీగా స్టార్ట్ చేసి, చప్పుడు నిలకడగా వచ్చేదాకా ఆగి, ముందు ఫ్రిజ్జు, తర్వాత ఫ్యాన్లు, లైట్లు ఒక్కొక్కటిగా వేయాలి. మోటర్లు కదిలేటప్పుడు, నడిచేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అని లెక్క వేసి నీళ్ల మోటరు స్విచ్ వేస్తే చిన్న జనరేటర్ గుడ్లు తేలేస్తుంది. ఆపేటప్పుడు ముందు బరువు దించి, తర్వాత ఆపాలి. వాన పడుతుంటే తడి నేల మీద పెట్టకూడదు. ఎత్తు మీద, నాలుగు వైపులా గాలి ఆడే రేకు కింద పెట్టాలి. పైన పట్టా కప్పి నడపకూడదు. తడి చేతులతో ముట్టుకోకూడదు. మీరైతే పొడి చేతులతో కూడా ముట్టుకోవద్దు.

ఇప్పుడు లైన్‌మన్ దగ్గరికి వద్దాం. ఒక కాడికి రెండు ఎద్దులు కట్టొచ్చు, రెండూ ఒకే దిక్కుకు లాగితేనే. మీ ఇంటి వైర్లను లాగేది మామూలుగా ఊరి కరెంటు. అది పడుకున్నప్పుడు జనరేటర్‌ను కడతాం. కట్టేముందు మొదటిదాన్ని కాడి నుంచి విప్పాలి కదా! ఆ విప్పే పని చేసేదే మీ మీటరు పక్కనున్న చేంజ్‌ఓవర్ స్విచ్. దాని పిడి పైకి ఉంటే ఊరి కరెంటు, కిందికి ఉంటే జనరేటర్, నడిమిట్ల ఉంటే ఏదీ లేదు. రెండూ ఒకేసారి కలిసే దారి లేకుండా చేసిన పెట్టె అది.

కొందరు ఆ పెట్టె ఖర్చు మిగుల్చుకుందామని రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు ఒకటి తయారు చేయించి, జనరేటర్ నుంచి తిన్నగా గోడ సాకెట్‌లో గుచ్చుతారు. ఇల్లంతా వెలుగుతుంది, శభాష్ అనుకుంటారు. ఆ కరెంటు గోడలోనే ఆగదు. మెయిన్ ఆపకపోతే మీటరు దాటి, సర్వీసు వైరు పట్టుకుని, స్తంభం ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా 11,000 వోల్టులను తగ్గించి మన ఇళ్లకు పంపుతుంది. అటు నుంచి వస్తే తగ్గిస్తుంది, ఇటు నుంచి పోతే పెంచుతుంది. మీ ఇంటి 230 వోల్టులు పై తీగల్లో మళ్లీ వేల వోల్టులవుతాయి. ఇక్కడ నా ఎద్దు ఆగిపోయింది, ఎంత అదిలించినా ముందుకు రాదు. వెనక్కి నడిచి ఇరవై ఎద్దుల బలం తెచ్చుకునే విద్య ఏ ఎద్దుకూ రాదు.

"వీధంతటి బరువు మీద పడితే చిన్న జనరేటర్ అక్కడే ఆగిపోతుంది కదా" అని మీ నాన్న అనొచ్చు. నిజమే, చాలాసార్లు ఆగిపోతుంది. కానీ గాలిదుమారానికి తీగ మీ ఇంటికి కాస్త దూరంలోనే తెగి ఉంటే లాగే బరువే ఉండదు, జనరేటర్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఆ తెగిన తీగ కొసను పట్టుకునేది లైన్‌మనే. పెరగకపోయినా 230 వోల్టులు మనిషిని చంపడానికి చాలు.

మేం పనికి పోయేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకునేవాళ్లం. అంటే ఈ లైను ఆపాం, ఎక్కొచ్చు అని మాట. లైనును విడదీసే ఏబీ స్విచ్ విప్పి, తీగలో కరెంటు లేదని టెస్ట్ చేసి, తీగలను నేలకు కలిపే ఎర్తింగ్ రాడ్లు తగిలించి ఎక్కాలి. సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడు తన వైపు నుంచి ఆపగలడు గానీ, మీ పెరట్లో ఏది నడుస్తుందో వాడికి ఎలా తెలుస్తుంది? 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి వానల్లో నడుము లోతు నీళ్లలో, చీకట్లో లైను సరిచేసే మనిషిని తలచుకోండి. మీ వీధి లైన్‌మన్ గేటు కొట్టి అడిగాడంటే పనితనం ఉన్నవాడు. మళ్లీ వస్తే మంచినీళ్లివ్వండి.

ట్రాన్స్‌ఫార్మర్ అటైతే తగ్గించి, ఇటైతే పెంచడం ఎలాగని చిట్టి తప్పకుండా అడుగుతుంది. లోపల రెండు తీగ చుట్టలుంటాయి. ఒకదాన్ని ఒకటి తాకవు. ఒకదానిలో కరెంటు అటూ ఇటూ ఊగితే రెండోదానిలో కరెంటు పుడుతుంది. 1831లో లండన్‌లో ఫారడే అనే ఆయన ఒక ఇనుప రింగుకు రెండు వైపులా తీగలు చుట్టి మొదటిసారి ఇది చూశాడు. చిన్నప్పుడు ఆయన పుస్తకాలు బైండింగ్ చేసే కొట్లో పనికి కుదిరిన పిల్లాడు. చుట్టలు ఎన్ని ఉంటే ఎంత పెరుగుతుందో లెక్క మీకు బడిలో చెబుతారు. తాకకుండా బలం ఎలా దాటిపోతుందన్నది మాత్రం, ఇన్నేళ్లు దాని పక్కన నిలబడి పనిచేసినా, నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆదివారం పొద్దున మీ వీధి మూలన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గరికి పోయి, కంచె బయట, రోడ్డుకు ఇవతలే నిలబడి చూడండి. పైనుంచి మూడు తీగలు వస్తాయి. కింది నుంచి ఇళ్ల వైపు నాలుగు పోతాయి. ఆ నాలుగోది ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించి నాకు రాయండి. మీ నాన్నను అడగొద్దు.

ఇట్లు,
మీ తాత